కాకతీయుల ఖజానా: వదులుకున్న పన్నులతో నిలబడిన రాజ్యం

కాకతీయులు ఏయే పన్నులు వేశారో మనకు ఎక్కువగా చెప్పేవి వాళ్ళు వదిలేసిన పన్నుల వివరాలే. కరణాలు రాసుకున్న లెక్కలేవీ మిగల్లేదు. మిగిలినవి రాతి మీద చెక్కించిన శాసనాలు. ఏ రాజూ ఫలానా ఊరి నుంచి ఇంత పన్ను రాబట్టానని రాయి నిలబెట్టడు. ఫలానా ఊరి పన్ను ఫలానా దేవుడికి ఇచ్చాననో, ఫలానా సుంకం ఇకమీదట వసూలు చేయననో చెప్పుకోవడానికే రాయి కావాలి. అందుకని కాకతీయ శాసనాలు చదువుతుంటే ఇదేదో దానధర్మాల రాజ్యంలాగా కనిపిస్తుంది. ఆ మాటలు యథాతథంగా నమ్మేయడం తప్పే. అయితే దానాల భాషని పక్కనపెట్టి, ఏ పన్ను ఎవరికి, ఏ షరతు మీద వదిలారు అని చూస్తే మాత్రం ఒక పద్ధతి బయటపడుతుంది. ఓరుగల్లు రాజులు తమ ఆదాయంలో కొంత భాగాన్ని తెలిసే వదులుకున్నారు, దాంతో చెరువులు తవ్వించారు, ఓడలు రప్పించారు, సైన్యాన్ని పోషించారు. రాజ్యం బలమంతా అక్కడి నుంచే వచ్చింది. చివర్లో దెబ్బ తగలడానికీ ఆ పద్ధతిలోని ఒక భాగమే కారణమైంది.

కాలక్రమం రెండు మాటల్లో చెప్పుకుంటే చాలు. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా అనుమకొండని ఏలిన ఈ వంశం స్వతంత్రమైన సంగతి 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో తెలుస్తుంది. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా, ఆయన కూతురు రుద్రమదేవి 1289 దాకా, ఆమె మనవడు ప్రతాపరుద్రుడు 1323 దాకా పాలించారు. పన్నుల విషయంలో మనం చూడవలసింది ఈ ముగ్గురి కాలాన్నే.

మోటుపల్లి స్తంభం

బాపట్ల జిల్లా చినగంజాం దగ్గర సముద్రానికి కాస్త ఇవతల మోటుపల్లి ఉంది. ఇప్పుడది చిన్న ఊరు. 13వ శతాబ్దంలో కాకతీయుల ప్రధాన రేవు అదే. అక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది. మధ్యయుగాల దక్షిణ భారతంలో ఒక ప్రభుత్వం తన ఆర్థిక ఆలోచనని ఇంత సూటిగా చెప్పిన సందర్భాలు చాలా తక్కువ.

అందులో ముందు పాత అలవాటు గురించి ఉంటుంది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరిన ఓడ తుఫానుకి చిక్కి, పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవాళ్ళు. గణపతిదేవుడు ఇకమీదట అలా చేయనన్నాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువ అనుకుని సముద్రం మీద అంత సాహసానికి దిగేవాళ్ళ దగ్గర, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నానని ప్రకటించాడు. దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ ఇలా చేస్తున్నానని కారణం చెప్పాడు. ఆ వెంటనే సుంకం ఎంతో కూడా చెక్కించాడు: ఎగుమతి అయినా దిగుమతి అయినా ముప్పయ్యో వంతు. అంటే వంద మాడల (మాడ అప్పటి బంగారు నాణెం) సరుకుకి మూడు మాడల పైచిలుకు. ఆ తర్వాత సరుకుల వారీగా రేట్లు ఉన్నాయి. మంచిగంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవాది, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు, ఒక్కోదానికి ఇంత అని.

దయ, కీర్తి, ధర్మం అనే మూడు కారణాలనీ కొట్టిపారేయనక్కర్లేదు. కానీ రేట్ల పట్టిక కూడా అదే రాతి మీద ఎందుకుందో ఆలోచించాలి. గణపతిదేవుడు తీరాంధ్రని గెలుచుకుని అప్పటికి నాలుగు దశాబ్దాలు అయి ఉంటుంది. ఓరుగల్లు సముద్రానికి చాలా దూరం, ఏలికలేమో మెట్ట ప్రాంతం వాళ్ళు. బయటి వర్తకుడికి వాళ్ళ మీద నమ్మకం కుదరాలంటే మంచి మాటలు సరిపోవు, సుంకం ఎంతో ముందే తెలియాలి. రేవులో అధికారి ఎవరున్నా, అతని మూడ్ ఎలా ఉన్నా, ముప్పయ్యో వంతు ఇస్తే చాలు అనే ధైర్యం ఉండాలి. పగిలిన ఓడ మీద పడి దోచుకుంటే ఆ ఏడాది ఖజానాకి ఒకేసారి బోలెడు డబ్బు వస్తుంది. కానీ ఆ కబురు మిగతా రేవులకి పాకాక మరుసటి ఏడాది ఓడలు వేరే చోట లంగరు వేస్తాయి. ఎప్పుడో ఒకసారి దక్కే దోపిడీ సొమ్ము వదులుకుంటే ఏటా వచ్చే సుంకం దక్కుతుందన్న లెక్క ఈ శాసనంలో స్పష్టంగా ఉంది.

ఆ లెక్క పని చేసిందనే చెప్పాలి. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ ప్రాంతాన్ని మోటుపల్లి పేరుతోనే, కాస్త నోరు తిరగని రూపంలో, వర్ణించాడు. ఇక్కడి వజ్రాల గురించి, సాలెగూడు దారంలా ఉండే సన్నటి బట్టల గురించి, న్యాయంగా పాలించే రాణి గురించి రాశాడు. ఆ రాణిని చనిపోయిన రాజు భార్యగా పొరబడ్డాడు గానీ, ఆమె రుద్రమదేవి అనడంలో సందేహం లేదు.

చెరువు కట్టినవాడికి పదో వంతు

రేవుల సుంకం ఎంత వచ్చినా రాజ్యానికి అసలు ఆధారం భూమి. ఇక్కడే కాకతీయుల ముందు పెద్ద సమస్య ఉండేది. తెలంగాణ రాతి నేల. వానలు నాలుగు నెలలు. గోదావరి, కృష్ణ చుట్టూ పారుతున్నా వాటి నీళ్ళు లోతున ఉంటాయి, ఎత్తు మీదున్న పొలాలకి ఎక్కవు. మెట్ట పంట మీద వచ్చే పన్నుతో పెద్ద సైన్యం నడవదు. ఊళ్ళో వరి పండితేనే అమ్ముకోవడానికి, పన్ను కట్టడానికి మిగులు ఉంటుంది. వరి పండాలంటే చెరువు కావాలి. ఇన్ని వందల ఊళ్ళలో చెరువులు తవ్వించే డబ్బు ఏ రాజు ఖజానాలోనూ ఉండదు.

దీనికి దశబంధం అనే ఏర్పాటు దొరికింది. కాకతీయులే మొదలుపెట్టారని చెప్పలేం గానీ, వాళ్ళ కాలంలో అది బాగా పుంజుకుంది. ఎవరైనా సొంత ఖర్చుతో చెరువు కట్టిస్తే, ఆ చెరువు కింద కొత్తగా సాగయ్యే భూమిలోనో దాని ఫలసాయంలోనో పదో వంతు కట్టించినవాళ్ళకి చెందుతుంది. షరతులు ఊరిని బట్టి మారేవి. ఆ హక్కు వంశపారంపర్యంగా వస్తుంది. దాంతోపాటు కట్ట తెగకుండా, తూము పాడవకుండా చూసుకునే బాధ్యతా వస్తుంది.

ఈ ఏర్పాటులో ఎవరికి ఏం దక్కిందో కాస్త దగ్గరగా చూడాలి. ఒక ఊళ్ళో నూరు పుట్ల ధాన్యం పండే భూమి చెరువు వల్ల కొత్తగా సాగులోకి వచ్చిందనుకుందాం. అందులో పది పుట్లు కట్టించినవాళ్ళ వాటా. మిగతా తొంభై పుట్ల మీద రాజుకి భాగం వస్తుంది. చెరువు లేకపోతే ఆ నేల మీద రాజుకి వచ్చేది జొన్నచేను పన్ను, లేదంటే పశువుల మేత మీద పుల్లరి. పెట్టుబడి పైసా పెట్టకుండా రాజు ఆదాయం పెరిగింది. కట్టించినవాళ్ళకి తరతరాలుగా ఆదాయమూ, పుణ్యమూ, పేరూ వచ్చాయి. రైతుకి నీళ్ళొచ్చాయి. ఒకటి మాత్రం మరిచిపోకూడదు: నీళ్ళతోపాటే రైతు మీద పన్ను కూడా పెరిగింది. కట్ట పోయడానికి మట్టి మోసిన కూలీల ఊసు ఏ శాసనంలోనూ పెద్దగా కనిపించదు.

కట్టించిన వాళ్ళెవరో చూస్తే రాజ్యం ఎలా అల్లుకుందో అర్థమవుతుంది. పాలంపేటలో రామప్ప గుడినీ చెరువునీ కట్టించింది రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడి సేనాని. గుడి శాసనం 1213 నాటిది. పాకాల చెరువుని కట్టించింది జగదాల ముమ్మడి అనే మంత్రి కుటుంబీకుడు. రెండు గుట్టల మధ్య సందుని చూసి అక్కడే కట్ట పోయడం వల్ల తక్కువ శ్రమతో పెద్ద చెరువు తయారైంది. బయ్యారం చెరువుని తవ్వించింది గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులకి ఎంతో ఉపయోగపడిన శాసనం ఆ చెరువు గట్టు దగ్గర దొరికిందే. లక్నవరం, గణపసముద్రం కూడా ఈ కాలం నాటివే. పాకాల, రామప్ప, లక్నవరం కింద ఈ రోజుకీ పొలాలు పారుతున్నాయి. 2015లో తెలంగాణలో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీసే పథకం మొదలుపెట్టినప్పుడు దానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టడం ఊరికే గుర్తుచేసుకోవడం కాదు. గొలుసుకట్టు చెరువుల పద్ధతి ఈ నేలకి ఎంత సరిపోయిందో ఏడు వందల ఏళ్ళ వాడకమే చెబుతోంది.

మందడం, వెలగపూడి

1261 నాటి మల్కాపురం శాసనం గురించి విడిగా చెప్పుకోవాలి. ఒక ఊరి పన్ను వదిలితే ఆ డబ్బు ఏమయ్యేదో ఇంత వివరంగా చెప్పే ఆధారం ఇంకొకటి దొరకడం కష్టం. గణపతిదేవుడికి శైవ గురువైన విశ్వేశ్వర శివాచార్యుడికి కృష్ణ ఒడ్డున మందడం ఊరిని ఇస్తానని రాజు మాట ఇచ్చాడు. రుద్రమదేవి ఆ మాట నిలబెట్టి, దాంతోపాటు వెలగపూడినీ, నదిలోని లంకలనీ కలిపి ఇచ్చింది. ఇవి ఈనాటి అమరావతిలోని ఊళ్ళే. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఇప్పుడున్నది వెలగపూడిలోనే.

గురువు ఆ భూమిని తన దగ్గరే పెట్టుకోలేదు. బ్రాహ్మణ కుటుంబాలకి భూములిచ్చి, మిగిలినదాన్ని మూడు భాగాలు చేశాడు. ఒకటి శివాలయానికి. రెండోది విద్యార్థులకీ శైవ మఠానికీ. మూడోది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడపడానికి. వేదాలు చెప్పేవాళ్ళు, తర్కం, సాహిత్యం, ఆగమాలు చెప్పేవాళ్ళు, ఒక వైద్యుడు, లెక్కలు చూసే ఒక కాయస్థుడు, ఊరికి కాపలా కాసేవాళ్ళు, కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి లాంటి పనివాళ్ళు, అందరికీ జీతంగా భూమి కేటాయించాడు. కులాల తేడా లేకుండా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టాలనీ రాయించాడు.

అంటే బడి, ఆసుపత్రి, సత్రం, కాపలా, లెక్కలు, ఇవన్నీ నడపడానికి ఓరుగల్లు నుంచి ఒక్క ఉద్యోగిని పంపనక్కర్లేదు. ఈ రోజుల్లో ప్రభుత్వ బడ్జెట్‌లో కనిపించే ఖర్చులన్నీ రెండు ఊళ్ళ ఆదాయంలోనే ముడిపడి ఉన్నాయి. మధ్యయుగ రాజ్యానికి పెద్ద ఉద్యోగ యంత్రాంగం లేకపోవడం లోపమని అనుకుంటాం. ఈ శాసనం చూస్తే, ఆదాయం పుట్టిన చోటే దాన్ని ఖర్చుపెట్టే పద్ధతి వాళ్ళకి ఉందని, దూరాలు నడిచి దాటవలసిన కాలంలో అది తెలివైన ఏర్పాటేనని అనిపిస్తుంది. దాని లాభం ఆలయానికీ మఠానికీ దగ్గరగా ఉన్నవాళ్ళకే ముందు అందేదన్నది కూడా నిజమే.

రైతు ఇంటి ముందు

ఇక మామూలు రైతు, మామూలు వర్తకుడు ఏం కట్టేవాళ్ళు? శాసనాల్లో చాలా పేర్లు కనిపిస్తాయి. భూమి మీద అరి, స్థిరంగా కట్టే సిద్ధాయం, పచ్చిక మీద పుల్లరి, ఇంటి మీద ఇల్లరి, సరుకుల మీద సుంకం. వీటికితోడు కానిక, రాజునో అధికారినో కలిసినప్పుడు ఇచ్చుకునే దరిశనం, పైనుంచి అడిగినప్పుడల్లా ఇవ్వవలసిన అప్పనం. చివరి రెండూ చిన్నవిగా కనిపిస్తాయి గానీ, ఊరి జనానికి టెన్షన్ పెట్టినవి అవే అయి ఉంటాయి. సిద్ధాయం ఎంతో ముందే తెలుసు. అప్పనం ఎప్పుడు పడుతుందో, ఎంత పడుతుందో తెలియదు. మోటుపల్లిలో విదేశీ వర్తకుడికి రాతపూర్వకంగా దొరికిన భరోసా సొంత రైతుకి ఆ స్థాయిలో దొరకలేదు. కాకతీయ పాలన గురించి గొప్పగా రాసేటప్పుడు ఈ సంగతి పక్కకి పోతుంటుంది. పోనివ్వకూడదు.

పన్ను వసూలు చేసేది కూడా దాదాపుగా ఊరే. కరణం లెక్క రాసేవాడు, రెడ్డి ఊరి పెద్దగా నిలబడేవాడు, తలారి కాపలా కాసేవాడు. వీళ్ళకీ, పురోహితుడు, కమ్మరి, వడ్రంగి లాంటి ఆయగాళ్ళకీ మాన్యం భూమిగానో, కళ్ళంలో ధాన్యం వాటాగానో ముట్టేది. భూమిని గడలతో కొలిచేవాళ్ళు. కొలత గడ పొడవు ప్రాంతానికో తీరుగా ఉండేది. గడ పొడవు మారితే కట్టవలసిన పన్నూ మారుతుంది కాబట్టి, దాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నది పెద్ద అధికారమే.

ఊళ్ళలో వర్తకులు సమయాలుగా, అంటే సంఘాలుగా ఉండేవాళ్ళు. స్వదేశి, పరదేశి, నానాదేశి వర్తకులు, నూనె గానుగల తెలికివారు, తమ సరుకుల మీద తామే బండికింత, బస్తాకింత అని రుసుము వేసుకుని గుడికి ఇచ్చినట్టు ఓరుగల్లుతో సహా చాలా చోట్ల శాసనాలున్నాయి.

నాయంకరం తెచ్చిన బలం, ముప్పు

సైన్యం విషయంలోనూ ఇదే సూత్రం నడిచింది. గణపతిదేవుడు తీరాన్ని గెలిచాక దివిసీమకి చెందిన అయ్య వంశాన్ని శత్రువులుగా మిగల్చలేదు. ఆ ఇంటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలని పెళ్ళి చేసుకుని, వాళ్ళ తమ్ముడు జాయపని గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా నియమించాడు. అతని సేవకి మెచ్చి చేబ్రోలుని ఇచ్చాడు. అప్పటికి ఇది ఒక్కొక్కరికి జరిగిన సన్మానం. రుద్రమదేవి, ప్రతాపరుద్రుడి కాలానికి ఇది ఏర్పాటుగా మారింది. కొన్ని ఊళ్ళ ఆదాయాన్ని నాయకుడికి నాయంకరంగా ఇస్తారు. అతను ఆ ఆదాయంతో ఇంతమంది సైనికుల్ని, గుర్రాల్ని సిద్ధంగా ఉంచాలి. రాజు పిలిస్తే రావాలి. ఆ ఊళ్ళు అతని సొంతం కాదు, రాజు మార్చవచ్చు, తీసేయవచ్చు. ఓరుగల్లు కోట బురుజులని 77 మంది నాయకులు కాపాడేవాళ్ళని తరువాతి కాలపు కథనాలు చెబుతాయి. ఆ సంఖ్య ఎలా ఉన్నా, పుట్టుకతో సామంతులైన పాత కుటుంబాల బదులు సేవ వల్ల పైకి వచ్చిన మనుషులు ప్రతాపరుద్రుడి కాలం నాటి శాసనాల్లో ఎక్కువగా కనిపిస్తారన్నది నిజం.

చెరువు విషయంలో, ఓడ విషయంలో వదులుకున్న ఆదాయం ఇంకా ఎక్కువై తిరిగొచ్చింది. సైన్యం విషయంలో అలా జరగాలంటే నాయకుడు విధేయుడిగా ఉండాలి. చెరువు కట్టినవాడు రాజుకి ఎదురు తిరిగినా చెరువు ఎదురు తిరగదు. ఊళ్ళ ఆదాయం తింటూ గుర్రాల్ని మేపుతున్నవాడు ఎదురు తిరిగితే ఆ గుర్రాలే రాజు మీదికొస్తాయి.

కాయస్థ వంశానికి చెందిన నాయకుడు అంబదేవుడి విషయంలో జరిగింది ఇదే. అతని కుటుంబానికి చెందిన గంగయ సాహిణికి గణపతిదేవుడు బాహత్తర నియోగాధిపతి, అంటే డెబ్బై రెండు శాఖల అధిపతి, అనే పదవితోపాటు, పానుగల్లు నుంచి కడప వైపు మార్జవాడ దాకా పెద్ద ప్రాంతం ఇచ్చాడు. ఆ తర్వాత జన్నిగదేవుడు, త్రిపురాంతకుడు విధేయంగానే ఉన్నారు. 1272 ప్రాంతంలో అధికారానికి వచ్చిన అంబదేవుడు మెల్లగా స్వతంత్రించాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన విజయాలు చెప్పుకున్నాడు గానీ కాకతీయుల్ని ఏలికలుగా తలచలేదు. భూమిని తన సొంత గడతో కొలిపించాడు. తిరుగుబాటు ప్రకటించడానికి ఇంతకంటే సూటి పద్ధతి ఏముంటుంది! రుద్రమదేవి చివరి రోజులు ఈ గొడవలోనే గడిచాయి. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం 1289 నవంబరు నాటికి ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు ఇద్దరూ చనిపోయారు. అంబదేవుడితో పోరులోనే చనిపోయారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తర్వాత ప్రతాపరుద్రుడు అతని ప్రాంతాన్ని తిరిగి గెలుచుకున్నాడు. ఒకే కుటుంబం చేతిలో అంత పెద్ద నేల తరతరాలు ఉండకుండా నాయంకరాలని చిన్నవిగా పంచడం ఆ అనుభవం నుంచి నేర్చుకున్నదే కావచ్చు.

ఢిల్లీ దండయాత్రలు ఈ ఏర్పాటుని మరో వైపు నుంచి పరీక్షించాయి. 1303లో వచ్చిన సైన్యం ఓడిపోయి వెనక్కి పోయింది. 1309-10లో మాలిక్ కాఫూర్ ఓరుగల్లుని ముట్టడించి, ధనం, ఏనుగులు, గుర్రాలు పట్టుకుని, ఏటా కప్పం కడతానని మాట తీసుకుని వెళ్ళాడు. కప్పానికి కావలసింది ఒకేచోట పోగైన నగదు. కాకతీయుల ఆదాయం మాత్రం వందలాది ఊళ్ళలో, గుళ్ళలో, నాయకుల చేతుల్లో, చెరువుల కింద చెల్లాచెదురుగా ఉంది. అదే వాళ్ళ బలం కూడా. ఏటా ఢిల్లీకి పంపాలంటే కొత్తగా పిండాలి, లేదా ఆపాలి. ప్రతాపరుద్రుడు వీలైనప్పుడల్లా ఆపాడు. 1318లో మళ్ళీ సైన్యం వచ్చింది, మళ్ళీ కప్పం. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ రెండో ప్రయత్నంలో ఓరుగల్లు పడిపోయింది.

రాజధాని పోయినా పద్ధతి పోలేదు. ఊళ్ళలో వేళ్ళూనుకున్న నాయకులు మిగిలారు. ముసునూరి కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లుని తిరిగి పట్టుకున్నాడు. తీరంలో రెడ్డిరాజులు లేచారు. వాళ్ళలో అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకి మళ్ళీ అభయశాసనం వేయించి సుంకాలు తగ్గించాడు. నాయంకరం దక్షిణాన విజయనగరంలో అమరనాయంకరంగా స్థిరపడింది. 16వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, నాయకుల భూముల ఆదాయం ఏటా 120 లక్షల బంగారు నాణేలని, అందులో 60 లక్షలు రాయలకి కట్టి, మిగతా సగంతో సైన్యాన్ని పోషించాలని రాశాడు. ఓరుగల్లులో నాయకుడి వాటా ఎంతో చెప్పే లెక్క మనకి మిగల్లేదు. విజయనగరం నాటికి మాత్రం అది సగానికి సగంగా ఖరారైంది.